మందుకు ముందు వంశం: నెల్లూరు, ప్రకాశం పొలాల్లో శిలీంధ్రాల వర్గీకరణ

టంగుటూరు, కొండపి చుట్టుపక్కల పొగాకు నారుమళ్లు పచ్చబడే రోజుల్లో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, ఒకే మడిలో రెండు తెగుళ్లు పక్కపక్కనే కనిపించవచ్చు. ఒకచోట మొక్కల మొదళ్లు నీరు పట్టి మెత్తబడి, నారు గుంపులు గుంపులుగా వాలిపోతుంది. అది నారుకుళ్లు. ఇంకోచోట ఆకుల మీద గుండ్రటి గోధుమరంగు మచ్చలు, ఒక్కో మచ్చ మధ్యలో తెల్లటి చుక్క. అది కప్పకన్ను తెగులు. రెండింటికీ కలిపి ఏదైనా ఫంగస్ మందు ఇమ్మని దుకాణంలో అడిగితే కార్బెండజిమ్ పొట్లం చేతికి రావడం వింతేమీ కాదు. దాన్ని పిచికారి చేస్తే కప్పకన్ను అదుపులోకి వస్తుంది. నారుకుళ్లు మాత్రం మర్నాటికి మరికొంత మడిని తినేస్తుంది. మందు కల్తీదేమోనని, మోతాదు చాలలేదేమోనని అనుమానాలు మొదలవుతాయి. నిజానికి లోపం మందుదీ కాదు, మోతాదుదీ కాదు. కప్పకన్ను తెచ్చే సెర్కోస్పోరా శిలీంధ్రం. నారుకుళ్లు తెచ్చే పిథియం అసలు శిలీంధ్రాల వంశంలోనే పుట్టలేదు.

శిలీంధ్రాల వర్గీకరణ అనగానే చాలామందికి ఇంటర్మీడియట్‌లో పరీక్ష కోసం బట్టీపట్టి, హాలు దాటగానే మరిచిపోయిన లాటిన్ పేర్లు గుర్తొస్తాయి. అది పాఠం చెప్పిన తీరులోని లోపం. వర్గీకరణ అంటే ఏ జీవి దేనికి చుట్టమో చెప్పే వంశవృక్షం. చుట్టరికం తెలిస్తే ఆ జీవి కణానికి గోడ దేనితో కట్టుకుందో, దాని పొరలో ఏ కొవ్వు పదార్థం ఉందో, నీటిలో ఈదగలదో గాలిలో ఎగరగలదో ముందే చాలావరకు ఊహించవచ్చు. మందులు దెబ్బకొట్టేది సరిగ్గా ఆ గోడల మీద, ఆ పొరల మీద, వాటిని తయారు చేసే రసాయన మార్గాల మీద. కాబట్టి ఈ రెండు జిల్లాల పొలాల్లో, తోటల్లో, రొయ్యల గుంటల్లో వర్గీకరణ విలువ రూపాయల్లో తెలిసే వ్యవహారం.

శిలీంధ్రాన్ని పోల్చుకోవడానికి రూపం కన్నా అది తిండి తినే తీరు మంచి ఆనవాలు. మొక్క సూర్యరశ్మితో తన ఆహారం తానే తయారు చేసుకుంటుంది. జంతువు ఆహారాన్ని మింగి లోపల అరిగించుకుంటుంది. శిలీంధ్రం ఎంజైములను బయటికి వదిలి, ఆహారాన్ని బయటే కరిగించి, ఆ రసాన్ని ఒంటి నిండా పీల్చుకుంటుంది. ఇలా బతికే జీవికి తన చుట్టూ ఉన్న పదార్థంతో ఎంత ఎక్కువ తాకిడి ఉంటే అంత లాభం. అందుకే చాలా శిలీంధ్రాల ఒళ్లు సన్నటి దారపు పోగుల అల్లికగా పెరుగుతుంది. నేలలో, దుంగలో, ఆకు లోపల కంటికి కనపడకుండా ఉండే ఆ అల్లికే అసలు జీవి. పైకి లేచే పుట్టగొడుగు సిద్ధబీజాలను, అంటే విత్తనాల్లా వ్యాపించే సూక్ష్మ కణాలను, వెదజల్లడానికి నాలుగు రోజులు కట్టుకున్న కట్టడం మాత్రమే. వానలకు చెదపుట్టల మీద లేచే టెర్మిటోమైసిస్ పుట్టగొడుగుల వెనక ఇంకో ముచ్చట ఉంది. చెదలు పుట్ట లోపల ఈ శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. నమిలి తెచ్చిన కట్టెపొట్టు మీద దాన్ని పెంచి, అది అరిగించిపెట్టిన ఆహారాన్ని తింటాయి. మనిషి నాగలి పట్టడానికి కోట్ల సంవత్సరాల ముందు నుంచీ సాగుతున్న వ్యవసాయం అది.

కదలకుండా ఒకచోట పెరుగుతాయి కాబట్టి శిలీంధ్రాలను మొక్కల్లో కలిపేశారు. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో చేసిందీ అదే, ఆ తర్వాత రెండు శతాబ్దాలకు పైగా బడుల్లో చెప్పిందీ అదే. 1969లో జీవశాస్త్రవేత్త విట్టేకర్ జీవులను ఐదు రాజ్యాలుగా విడదీసినప్పుడు శిలీంధ్రాలకు సొంత రాజ్యం దక్కింది. జన్యువులను పోల్చి చూడటం మొదలయ్యాక, 1993లో వెలువడిన పరిశోధనలు ఇంకో మెట్టు ముందుకు వెళ్లాయి: శిలీంధ్రాలు మొక్కల కన్నా జంతువులకే దగ్గర చుట్టాలని తేల్చాయి. ఆలోచిస్తే ఆనవాళ్లు ముందు నుంచే ఉన్నాయి. మొక్కల కణాల గోడ సెల్యులోజ్‌ది. శిలీంధ్రాల గోడలో ఉండేది కైటిన్, అంటే రొయ్య పెంకులో ఉండే పదార్థమే. మొక్కలు పిండి పదార్థాన్ని స్టార్చ్‌గా దాచుకుంటే, శిలీంధ్రాలు మన కాలేయంలో లాగే గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. మన కణాల పొరలో కొలెస్టరాల్ ఉన్నచోట వాటి పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది.

ఈ దగ్గరితనమే వైద్యుల తలనొప్పి. బ్యాక్టీరియా మనకు చాలా దూరపు జీవి కాబట్టి దాన్ని మాత్రమే చంపే మందులు ఎన్నో దొరికాయి. శిలీంధ్రం విషయంలో మనలో లేనిది, దానిలో మాత్రమే ఉన్నది వెతికి కొట్టాలి. అలాంటి గురి ఎర్గోస్టెరాల్. తామరకు వాడే మందుల్లో ఎక్కువ భాగం, పొలంలో చల్లే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్, టెబుకొనజోల్ అన్నీ ఆ ఎర్గోస్టెరాల్ తయారీకి అడ్డుపడేవే. చర్మవ్యాధి మందుకూ వరి పాముపొడ తెగులు మందుకూ ఒకే సూత్రమన్నమాట.

ఇప్పటిదాకా పేరు పెట్టిన శిలీంధ్ర జాతులు సుమారు లక్షన్నర. అసలు ఉన్నవి 22 లక్షల నుంచి 38 లక్షల మధ్య ఉండవచ్చని 2017లో ఒక అంచనా వెలువడింది. ఈ రాజ్యాన్ని ఎన్ని విభాగాలుగా చీల్చాలన్న దానిపై శాస్త్రవేత్తలకు ఇంకా ఏకాభిప్రాయం లేదు. పాత పుస్తకాల్లోని జైగోమైకోటా అనే విభాగం ఇప్పుడు ముక్కలైపోయింది. ఈ ప్రాంతపు రైతుకు తరచూ ఎదురయ్యేవి రెండు పెద్ద విభాగాలు: సిద్ధబీజాలను సన్నటి సంచుల్లో పెంచే ఆస్కోమైసీట్లు, చిన్న కాడల కొసన మోసే బెసిడియోమైసీట్లు.

మొదటి విభాగంలోని మేటి అగ్గితెగులు శిలీంధ్రం. వరి శత్రువుల్లో బాగా పరిశోధన జరిగినవాటిలో ఇదొకటి. నెల్లూరు జిల్లా పంటకాలం దానికి అచ్చొచ్చిన కాలం. ఇక్కడ ఈశాన్య రుతుపవనాల మీద, పెన్నా, సోమశిల నీటి మీద ఆధారపడి నాట్లు ఆలస్యంగా పడతాయి. పైరు ఏపుగా పెరిగే వేళకు చలి రాత్రులు వస్తాయి, తెల్లవారేసరికి ఆకుల మీద మంచు పడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల దగ్గరకు దిగి, ఆకు గంటల తరబడి తడిగా ఉంటే అగ్గితెగులుకు అంతకన్నా ఏం కావాలి?

ఆకు మీద జరిగేది దగ్గరగా చూడదగిన సంగతి. మూడు గదులున్న బేరిపండు ఆకారపు సిద్ధబీజం గాలిలో వచ్చి మంచుబొట్టులో పడుతుంది. కొసనున్న జిగురుతో ఆకుకు అతుక్కుంటుంది. కొద్ది గంటల్లో మొలకెత్తి, చిన్న మొలక తీసి, దాని కొసన గుమ్మటం లాంటి ఒక కణాన్ని కడుతుంది. ఆ గుమ్మటం లోపలి గోడకు మెలనిన్ పూత పూసుకుంటుంది. మన జుట్టును నల్లగా ఉంచే మెలనిన్ కుటుంబానికి చెందినదే ఆ పూత. పూత పడ్డాక లోపల పేరుకున్న గ్లిసరాల్ బయటికి పోలేదు, నీరు మాత్రం లోపలికి వస్తూనే ఉంటుంది. దాంతో ఒత్తిడి పెరిగి ఎనిమిది మెగాపాస్కల్స్ దాకా చేరుతుంది. కారు టైరులోని గాలి ఒత్తిడికి ఇది దాదాపు నలభై రెట్లు. ఆ బలంతో అడుగున ఉన్న సన్నటి మేకు లాంటి పోగు ఆకు పైపొరను పొడుచుకుని లోపలికి దిగుతుంది. కొన్ని రోజులకు ఆకుపై నూలుకండె ఆకారపు మచ్చలు, మధ్యలో బూడిదరంగు, అంచున గోధుమరంగు. మెడవిరుపు దశకు చేరితే వెన్ను మెడ దగ్గర విరిగి, గింజ పాలు పోసుకోక తాలుగా మిగులుతుంది.

అగ్గితెగులుకు లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కొట్టే ట్రైసైక్లజోల్ చేసే పని ఆ మెలనిన్ పూతను ఆపడమే. పూత లేని గుమ్మటంలో ఒత్తిడి నిలవదు, మేకు దిగదు. శిలీంధ్రం చావదు, లోపలికి రాలేక బయటే ఆగిపోతుంది. కాబట్టి మచ్చలు పొలమంతా పరుచుకున్నాక ట్రైసైక్లజోల్ మీద పెట్టిన డబ్బులో పెద్ద భాగం వృథా. అప్పటికే లోపలికి దిగినదాన్ని అది బయటికి గెంటలేదు. పేరు చివరి అక్షరాలు చూసి దీన్ని హెక్సాకొనజోల్ జట్టులో కలపడం కూడా పొరపాటే. దీనికీ ఎర్గోస్టెరాల్‌కూ సంబంధం లేదు. ఇది గుమ్మటం కట్టే శిలీంధ్రానికి గురిపెట్టిన మందు. పాముపొడ మీద దీన్ని చల్లి ఫలితం రాలేదని తిట్టుకోవడం న్యాయం కాదు.

ఈ శిలీంధ్రానికి చాలాకాలం రెండు పేర్లుండేవి. లైంగిక దశలో మాగ్నపోర్తే ఒరైజే, అలైంగిక దశలో పిరిక్యులేరియా ఒరైజే. పొలంలో దొరికేది రెండో దశే. ఒకే జీవికి రెండు దశల్లో రెండు పేర్లు పెట్టే ఆనవాయితీని శిలీంధ్ర శాస్త్రవేత్తలు 2011 మెల్‌బోర్న్ అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో రద్దు చేశారు. లైంగిక దశ తెలియని వేలాది జాతులను పోగేసి ‘అసంపూర్ణ శిలీంధ్రాలు’ అని పెట్టుకున్న చాప చుట్టేయడానికి జన్యు పరీక్ష దారి చూపింది. ఇది కాగితం మీది గొడవలా కనిపించినా, ఒకే శత్రువు గురించిన సమాచారం రెండు పేర్ల కింద చీలిపోయి ఉండటం ఎవరికీ మేలు చేయలేదు.

అగ్గితెగులు తన రూపాన్ని, అంటే జన్యుపరంగా తెగలను, తరచూ మార్చుకుంటుంది. ఒక వరి రకంలోని నిరోధక జన్యువును కొన్నేళ్లలో దాటేయగలదు. సాంబమసూరిగా అందరికీ తెలిసిన బీపీటీ 5204 అన్నానికి ఎంత రుచో అగ్గితెగులుకూ అంత లోకువ. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ రకాలు, ముఖ్యంగా నెల్లూరు మసూరి అనే ఎన్‌ఎల్‌ఆర్ 34449, ఈ తెగులును తట్టుకునే గుణం కోసమే పేరు తెచ్చుకున్నాయి. మొలగొలుకుల వరి పండిన నేలలో మందు డబ్బా కన్నా విత్తనం ఎంపికే మొదటి పిచికారి అనాలి.

ఆస్కోమైసీట్ల ఇంట్లో మంచివాళ్లూ ఉన్నారు. తాటికల్లు పులియడంలో పాలుపంచుకునే శాకరోమైసిస్ ఈస్టు ఈ విభాగానిదే. దారాల అల్లిక వదిలేసి ఒంటి కణంగా బతకడానికి అలవాటు పడింది. పెన్సిలిన్ ఇచ్చిన పెన్సిలియం ఈ ఇంటిదే. కావలి, విడవలూరు వైపు ఇసుక నేలల వేరుశనగలో మొదలుకుళ్లు తెచ్చే ఆస్పర్జిల్లస్ నైజర్, కాయ సరిగా ఎండకుండా నిల్వ చేస్తే గింజలో ఆఫ్లటాక్సిన్ అనే విషం నింపే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ కూడా ఇక్కడివే. 1960లో ఇంగ్లాండులో వేరుశనగ పిండి దాణా తిని లక్షకు పైగా సీమకోళ్లు చచ్చిపోయాకే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. బూజు గీసేసి, ముక్కిన వాసన వచ్చే గింజను వేయించి తినేస్తే సరిపోతుందనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. మామూలు వంట వేడికి ఆ విషం విరగదు.

వేరుశనగ ఆకు మీదే ఇంకో పాఠం ఉంది. తిక్కా ఆకుమచ్చ ఆస్కోమైసీట్, ఆకు అడుగున ఇటుకరంగు పొడి రాల్చే తుప్పు తెగులు బెసిడియోమైసీట్. కార్బెండజిమ్ మొదటిదానిపై పనిచేసినంతగా రెండోదానిపై పనిచేయదు. మచ్చలు తగ్గి తుప్పు పెరిగిందంటే కారణం అదే కావచ్చు. వరిలో పాముపొడ తెచ్చే రైజోక్టోనియా కూడా బెసిడియోమైసీటే, పుట్టగొడుగుల చుట్టమే. దాన్ని ఆపే వాలిడమైసిన్ ట్రెహలోజ్ అనే చక్కెరను విడగొట్టే ఎంజైముకు అడ్డుపడుతుంది.

రూపం ఎంత మోసం చేస్తుందో మానిపండు తెగులు చూస్తే తెలుస్తుంది. వెన్నులో కొన్ని గింజల స్థానంలో పసుపు, నారింజ రంగు ఉండలు లేచి, క్రమంగా ముదురాకుపచ్చగా, ఆపైన నల్లగా మారతాయి. జొన్న కంకిలో కాటుక తెగులు చూసిన కళ్లకు ఇదీ కాటుకే అనిపిస్తుంది. చాలాకాలం శాస్త్రవేత్తలూ అలాగే అనుకున్నారు. జొన్న కాటుక బెసిడియోమైసీట్. మానిపండు తెచ్చే ఉస్టిలాజినాయిడియా మాత్రం ఆస్కోమైసీట్, సజ్జలో తేనెబంక తెగులు తెచ్చే క్లావిసెప్స్‌కు దాయాది. జొన్న గింజ కాటుకకు విత్తనశుద్ధి చాలు, ఎందుకంటే అది గింజను అంటుకుని వస్తుంది. మానిపండు పొట్టదశలో పైరులోకి చేరుతుంది. పొట్ట ఆకు విచ్చుకోకముందే మందు పడాలి. ఉండలు కనిపించాక కొట్టేది మనశ్శాంతికే.

2021లో కరోనా రెండో అలతో పాటు పత్రికల నిండా కనిపించిన ‘బ్లాక్ ఫంగస్’ ఈ రెండు విభాగాలకూ చెందదు. అది మ్యూకొరేలీస్ వర్గంలోని రైజోపస్ వంటి శిలీంధ్రాల పని. రొట్టె మీద బూజుగా లేచేవాటికి దగ్గరి బంధువులు. ఆ శిలీంధ్రం నలుపు కాదు, అది రక్తనాళాలను మూసేయడంతో చచ్చిపోయిన కణజాలం నల్లబడుతుంది. ఆస్పర్జిల్లస్ సోకితే ముందుగా వాడే వోరికొనజోల్ వీటిమీద పనిచేయదు. వీటిని చంపే యాంఫోటెరిసిన్ కోసం జనం పరుగులు తీసింది అందుకే.

ఇక బయటివాళ్ల సంగతి. పిథియం, ఫైటోఫ్తోరా, బూజు తెగుళ్ల జీవులు ఊమైసీట్లు. దారాలుగా పెరుగుతాయి, బయటే అరిగించి పీల్చుకుంటాయి. వేషం అచ్చం శిలీంధ్రానిదే కాబట్టి చాలాకాలం పుస్తకాల్లో అక్కడే ఉన్నాయి. కానీ వీటి గోడలో ప్రధానంగా ఉండేది సెల్యులోజ్, గ్లూకాన్లు. వీటి దగ్గరి చుట్టాలు సముద్రపు గోధుమరంగు నాచు, డయాటములనే సూక్ష్మ నాచు. ఎర్గోస్టెరాల్ తయారు చేసుకునే అలవాటు వీటికి లేదు. లేనిదాని తయారీని హెక్సాకొనజోల్ ఎలా ఆపుతుంది? కార్బెండజిమ్ అతుక్కునే ప్రొటీన్ కూడా వీటిలో వేరే తీరుగా ఉంటుంది, అందుకే అదీ పట్టదు. వీటికి గురి కుదిరిన మందు మెటలాక్సిల్. అది నిజమైన శిలీంధ్రాల మీద దాదాపు పనికిరాదు.

ఊమైసీట్ల ఇంకో గుణం మందు కన్నా ముఖ్యం. వాటి సిద్ధబీజాలకు రెండేసి తోకలుంటాయి, నీటిలో ఈదుతాయి. నారుమడిలో నీరు నిలిస్తే వాటికి కాలువ తవ్వి ఇచ్చినట్టే. ఎత్తు మళ్లు, మళ్ల మధ్య కాలువలు, పలచగా విత్తనం, విత్తే ముందు మడి మీద ఊక పరిచి కాల్చడం వంటి పాత పద్ధతులు ఈ జీవశాస్త్రం తెలియకముందు పుట్టినవే అయినా దానికి చక్కగా సరిపోతాయి. పొగాకు నల్లకాడ తెగులు, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మ చెట్ల మొదట్లో బంక కారడం, రెండూ ఫైటోఫ్తోరా పనే. నిమ్మ పాదులో నీరు మొదలుకు తగలకుండా రెండు వలయాల పాదు చేయమని చెప్పేది దానికోసమే. అదే నిమ్మకాయ మీది గజ్జి తెగులు బ్యాక్టీరియాది, దాని లెక్క వేరు. సజ్జలో కంకి బదులు ఆకుల కుచ్చు లేచే వెర్రికంకి కూడా ఊమైసీటే. విత్తనానికి మెటలాక్సిల్ పట్టించేది అందుకే.

మైలుతుత్తం (రాగి), సున్నం కలిపిన బోర్డో మిశ్రమం మాత్రం ఈ తేడాలేవీ పట్టించుకోదు. 1885లో ఫ్రాన్సులో మిల్లర్డే దాన్ని నిరూపించింది ద్రాక్ష బూజు తెగులు మీద, అంటే ఊమైసీటు మీద. రాగి ఒకే ఎంజైముకు కాక చాలా ప్రొటీన్లకు తగులుతుంది. కాబట్టి అది శిలీంధ్రాన్నీ, ఊమైసీటునూ, బ్యాక్టీరియానూ ఎంతో కొంత కొడుతుంది. పాతతరం రైతు వంశం తెలియకుండానే గట్టెక్కాడంటే ఆ మొరటుతనం పుణ్యమే. ఒక్క గురినే కొట్టే కొత్త మందులతో ఆ వెసులుబాటు పోయింది.

శిలీంధ్రం వేషం వేసిన ఊమైసీట్లకు అచ్చంగా తలకిందులైన కథ తీరంలో ఉంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు వనామీ రొయ్యల రైతును కొన్నేళ్లుగా పీడిస్తున్న, రొయ్య కణాల్లో బతికే పరాన్నజీవి ఈహెచ్‌పీకి దారాలు లేవు, కంటికి కనిపించే బూజు లేదు. దాని సిద్ధబీజం పొడవు మిల్లీమీటరులో సుమారు వెయ్యో వంతు. అయినా అది శిలీంధ్రాల వైపు జీవే. మైక్రోస్పొరిడియా అనే ఈ వర్గంలో మొదట పేరు పెట్టింది పట్టుపురుగును చంపే నొసీమాకు. 1857లో నేగెలి అనే శాస్త్రవేత్త దాన్ని ఈస్టు వంటి శిలీంధ్రమనే అనుకున్నాడు. తర్వాతివారు ఏకకణ జీవులైన ప్రోటోజోవాల్లోకి మార్చారు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా కనిపించలేదని 1980లలో అతి ప్రాచీన జీవుల్లో కలిపారు. 1990లలో జన్యువులు మళ్లీ శిలీంధ్రాల గడపకే తెచ్చాయి. గడప లోపలా, బయటా అన్న వాదన ఇంకా నడుస్తోంది. మైటోకాండ్రియా అసలు లేకపోవడం కాదు, పరాన్నజీవనంలో కుంచించుకుపోయి ఆనవాళ్లు మాత్రమే మిగిలాయి.

2009లో థాయ్‌లాండ్ టైగర్ రొయ్యలో వర్ణించిన ఈహెచ్‌పీ ఈ కుంచింపును చివరంటా తీసుకెళ్లింది. చక్కెరను విడగొట్టి శక్తి తీసే మార్గాన్ని కూడా వదిలేసుకుంది. రొయ్య కణం తయారు చేసుకున్న శక్తినే దొంగిలిస్తుంది. గుంటలో కనిపించే లక్షణం సరిగ్గా అదే: మేత తింటుంది, పెద్దగా చావులుండవు, కౌంటు (కిలోకు తూగే రొయ్యల లెక్క) మాత్రం రాదు. సిద్ధబీజంలో చుట్టచుట్టుకుని ఉన్న గొట్టం ఒక్కసారిగా బయటికి విసురుకుని రొయ్య కణాన్ని గుచ్చుతుంది, లోపలి సరుకంతా ఆ గొట్టం గుండా కణంలోకి జారుతుంది. చుట్టరికం మాత్రమే చాలదని తెలిసేదీ ఇక్కడే. శిలీంధ్రాల బంధువే కదా అని పొలం మందులు గుంటలో పోయడం శుద్ధ దండగ. బతుకంతా రొయ్య కాలేయ కణాల్లో దాక్కునే జీవిని అవి చేరవు. నమ్మదగిన మందు ఇంతవరకు లేదు. మిగిలిన దారి గుంట మారే మధ్యకాలంలోనే ఉంది: ఎండగట్టి, హెక్టారుకు ఆరు టన్నుల చొప్పున కాల్చిన సున్నం కలియదున్ని, తడిపి, మట్టి పీహెచ్ 12 దాటేలా చేయడం, పీసీఆర్ పరీక్ష చేసిన రొయ్యపిల్లనే వదలడం. పొడి సున్నం పైపైన చల్లి చేతులు దులుపుకుంటే ఆ మందపాటి గోడకు ఏమీ కాదు.

మిత్రుడూ శత్రువూ ఒకే గోత్రంలో పుట్టినప్పుడు వచ్చే చిక్కు ఒకటి మిగిలింది. ప్రకాశం నల్లరేగడిలో శనగ ఎండు తెగులు తెచ్చే ఫ్యూజేరియం, దాన్ని అణచడానికి వాడే ట్రైకోడెర్మా రెండూ హైపోక్రియేలీస్ వర్గానివే. ఫ్యూజేరియాన్ని చంపే కార్బెండజిమ్ ట్రైకోడెర్మాను ఇంకా సులువుగా చంపుతుంది. తొంభై కిలోల పశువుల ఎరువు, పది కిలోల వేపపిండిలో రెండు కిలోల ట్రైకోడెర్మా కలిపి, వారం పైగా తడి ఆరకుండా మగ్గబెట్టి, దాన్ని చల్లిన సాలులోనే కార్బెండజిమ్ పట్టించిన విత్తనం వేస్తే ఆ శ్రమలో కొంత నేలపాలే. ఫ్యూజేరియం నేలలో ఆరేళ్ల దాకా బతకగలదు. ఏటా శనగ మీద శనగ వేసే చేలో దాన్ని మందుతో పూర్తిగా వదిలించుకోవడం కుదిరే పని కాదు. జేజీ 11 వంటి ఎండు తెగులును తట్టుకునే రకాలు ఈ జిల్లాలో అంతగా పాతుకుపోవడానికి దిగుబడితో పాటు ఇదీ ఒక కారణం.